లీవర్ రైఫిల్ మూతి కిందికి దించి చూశారా?

బెండకాయ కొన విరవకుండా కొనే మనిషిని నేను నమ్మను. అడిలైడ్‌లో మన కూరగాయల కొట్లలో బెండకాయల బుట్ట పైన "దయచేసి విరవకండి" అని ఇంగ్లీషులో బోర్డు ఉంటుంది. అది ఎవరి కోసమో అక్కడికి వచ్చే అందరికీ తెలుసు. ఆ బోర్డు కిందే నిలబడి విరిచేవాళ్ళలో నేనొకదాన్ని. పుటుక్కున విరిగితే లేత, వంగితే ముదురు. ఇందులో కొట్టువాడి మర్యాదకి వచ్చిన లోటేమీ లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలోనూ నేను చేసింది అదే. కాకపోతే బెండకాయల బదులు తుపాకులు.

అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో మనవాళ్ళ భోజనాలకి వెళ్ళినప్పుడల్లా ఒకటే తంతు. కొత్తగా వచ్చిన పిల్లలు పలకరిస్తారు. "ఆంటీ, మీరు ఐటీనా, నర్సింగా?" రైఫిళ్ళు అంటాను. నోటి దాకా వచ్చిన పులిహోర చెంచా గాల్లో ఆగిపోతుంది. చెంచా దించాక, పోలీసా అని అడుగుతారు. కాదు. కాకినాడలో మెకానికల్ చదివి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి, వేట రైఫిళ్ళు దిగుమతి చేసుకుని కొట్లకి పంపే ఒక కంపెనీ గోదాములో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేశాను. నా సంతకం లేనిదే పెట్టె బయటికి పోదు. పోయినేడు మానేశాను. ఇప్పుడు మన పిల్లలు కొంతమంది ఇలాంటి ఉద్యోగాల్లోకి వస్తున్నారు, ఏమన్నా రాయండి ఆంటీ అన్నారు. రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి మాత్రం అడక్కండి. నోటి దూల వల్ల నాకవి పెద్దగా రాలేదు.

జంతికల గొట్టం

ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది ఎక్కదు.

ఈ దేశంలో దానంతటదే తూటా మార్చుకుని టకటకా పేలే తుపాకులు మామూలు మనుషులకి ఇవ్వరు. లైసెన్సు ఉండాలి, తగిన కారణం ఉండాలి, ఇంట్లో గోడకి బిగించిన ఇనప బీరువా ఉండాలి. ఇవన్నీ ఉన్న రైతులూ వేటగాళ్ళూ ఇష్టపడే వాటిలో లీవర్ రైఫిల్ ఒకటి. ట్రిగ్గర్ చుట్టూ ఒక ఇనప కడియం ఉంటుంది, అదే లీవర్. దాన్ని కిందికి, ముందుకి తోస్తే కాల్చిన తూటా తొడుగు బయటికి ఎగిరిపోతుంది. వెనక్కి లాగితే కొత్త తూటా లోపలికి వెళ్ళి కూర్చుంటుంది.

ఆ కొత్త తూటా ఎక్కణ్ణించి వస్తుంది? బ్యారెల్ కింద ఇంకో గొట్టం ఉంటుంది. అందులో తూటాలు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి. చివర ఒక స్ప్రింగు వాటిని వెనక్కి నెడుతూ ఉంటుంది. మన జంతికల గొట్టం గుర్తు తెచ్చుకోండి, పిండి బదులు తూటాలు, మన చెయ్యి బదులు స్ప్రింగు. అలా వెనక్కి వచ్చిన తూటాని ఒక చిన్న ఇనప ముక్క పైకెత్తి బ్యారెల్‌కి అందిస్తుంది. దాన్ని క్యారియర్ అంటారు. భోజనం క్యారియర్ కాదు గానీ చేసే పని అదే, తినేవాడి దగ్గరికి చేర్చడం.

ఇంతే యంత్రం. ఇందులో చెడిపోవడానికి ఏముంది అని మీరనుకోవచ్చు. కొన్న ప్రతివాడూ అలాగే అనుకుంటాడు.

నిగనిగలు

లీవర్ రైఫిల్ కొనడానికి వచ్చేవాడు నూటికి తొంభై పాళ్ళు దాని చెక్క చూసి పడిపోతాడు. వాల్‌నట్ చెక్క, దాని మీద నూనె మెరుపు. పెళ్ళిచూపుల్లో పిల్ల జడ చూసి సరే అన్నట్టు. చెక్కకీ ఇనుముకీ మధ్య సందు ఉందా, పైన గురి చూసే ముక్క నిటారుగా ఉందా, మా చిన్నాయన మెడలా ఒక పక్కకి వాలి ఉందా అని చూడడు. తూటాలు దూర్చే పక్క తలుపు అంచుకి బొటనవేలు రాసి చూడడు. ఆ అంచు సరిగ్గా నునుపు చెయ్యకపోతే నాలుగు తూటాలు వేసేసరికి వేలు తెగుతుంది. నా కుడి బొటనవేలు చూపిస్తే ఏ ఫ్యాక్టరీ ఏ ఏడాది బద్ధకించిందో చెప్పగలను.

ఇంకో జబ్బు పాత పేరు. తాత పేరు గొప్పదని మనవడికి పిల్లనిస్తారా? తుపాకుల దగ్గర ఇచ్చేస్తారు. ఫ్యాక్టరీ మూతపడుతుంది, పేరు మాత్రం ఇంకొకడు కొనుక్కుంటాడు, ఆకురాయి పట్టిన పాత చేతులన్నీ ఇంటికెళ్ళిపోతాయి. బ్యారెల్ మీద అక్షరాలు మాత్రం అవే. అలాగని కొత్తవన్నీ చెత్త, పాతవన్నీ బంగారం అని చెప్పే పెద్దమనుషుల మాటా వినకండి. పాతవాటిలో అరిగిపోయినవి తక్కువేమీ కాదు. పేరుని కాదు, చేతిలో ఉన్న ముక్కని చూడండి.

మెల్‌బోర్న్ దగ్గర టార్నీట్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, లీవర్‌ని ఒంటిచేత్తో గిర్రున తిప్పి కాల్చొచ్చా అక్కా అని అడిగాడు. తిప్పొచ్చు నాయనా, ముందు నీ ముక్కుకి ఇన్సూరెన్స్ చేయించుకో అన్నాను. మళ్ళీ చెయ్యలేదు.

గ్రేహమ్

మా బాసు పేరు గ్రేహమ్. మనిషి మంచివాడే. వచ్చిన కొత్తలో బాసుని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక, "ఎక్స్‌క్యూజ్ మీ" అని పిలిచేదాన్ని. ఈవిడ పొద్దస్తమానం క్షమాపణ ఎందుకు అడుగుతోందని ఆయన చాలాకాలం తికమకపడ్డాడట. తర్వాత నాకు నోరు వచ్చింది. ఆ పాత రోజులే బాగున్నాయని ఆయన అందరితో చెప్పేవాడు. నా పేరు శారద. ఆయన షాజ్ అనేవాడు. ఇక్కడివాళ్ళు పేర్లని కొబ్బరిబొండాంలా పైన నరికేసి వాడతారు.

గ్రేహమ్‌కి రెండు మంత్రాలు వచ్చు. మొదటిది "షీల్ బి రైట్". అన్నీ అవే సర్దుకుంటాయిలే అని దానర్థం. ఈ దేశంలో వానలు పడకపోయినా, పైకప్పు ఎగిరిపోయినా ఇదే అంటారు. రెండోది "యూజర్ ఎర్రర్", అంటే కొన్నవాడిదే తప్పు.

రెండో మంత్రం చాలాసార్లు నిజమే. లీవర్ రైఫిల్‌ని చివరిదాకా తొయ్యాలి, చివరిదాకా లాగాలి. మొహమాటపడి సగం తోస్తే తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. వెనక్కి వచ్చిన రైఫిళ్ళలో ఎక్కువ భాగం ఈ మొహమాటం కేసులే. బెంచి మీద పెట్టి నాలుగు దెబ్బలు గట్టిగా తోస్తే భేషుగ్గా పనిచేసేవి. లోపం లేదని రాసి పంపేసేవాళ్ళం. అందుకే డాక్టరుగారి రైఫిల్ మొదటిసారి వెనక్కి వచ్చినప్పుడు నాకూ అదే అనిపించింది.

డాక్టరుగారి నక్క

డాక్టర్ రామ్మోహనరావుగారిది ఒంగోలు, మాసన్ లేక్స్ భోజనాల్లోనే మాకు పరిచయం. ఉద్యోగమంతా ఆపరేషన్ బల్ల దగ్గర జనానికి మత్తిచ్చి నిద్రపుచ్చారు. రిటైరయ్యాక అడిలైడ్ అవతల కొండల్లో కొంచెం భూమి కొని మేకలు పెట్టారు. అక్కణ్ణించి ఆయనకే నిద్ర లేదు. కారణం ఒక గుంటనక్క. మేకలు ఈనే కాలానికి అది వచ్చేది. అంతకుముందు ఏడాది మేకపిల్లల్ని ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుకుపోయింది. ఆయన భార్య సుశీల వదినగారు చీపురు పట్టుకుని కాపలా కూర్చున్నా లాభం లేకపోయింది. ఇక తుపాకి తప్పదని డాక్టరుగారు లైసెన్సు తెచ్చుకుని, మేము పంపిన లీవర్ రైఫిలే ఒక కొట్లో కొన్నారు. మొదటి తూటా పేలేది, తగిలేది కాదు. రెండోసారి లీవర్ తోసి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమనేది. లోపల తూటా ఉండేది కాదు. నక్క ఒక్క క్షణం ఆగి ఈయన వైపు చూసి, తన దారిన తను పోయేదట.

రైఫిల్ మా గోదాముకి వచ్చింది. తుపాకిని అడ్డంగా, కదలకుండా పట్టి ఉంచే బెంచి మీది ఊయలలో పెట్టి, గొట్టం నిండా మందు లేని ఉత్తుత్తి తూటాలు వేసి తోశాం. ఒక్కటి ఆగితే ఒట్టు. వెనక్కి పంపాం. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తోశాం. మళ్ళీ పంపాం. గ్రేహమ్ రెండో మంత్రం చదివాడు. కొట్టువాడు ఆ మాటని డాక్టరుగారి పక్క పొలంవాళ్ళకి చేరవేశాడు. ఆపైన ఆయన ఎదురొస్తే చాలు, వాళ్ళు గాల్లో లీవర్ లాగుతున్నట్టు చెయ్యి ఆడించి నవ్వడం మొదలుపెట్టారు.

అప్పుడాయన నాకు ఫోన్ చేశారు. నక్క గురించి కాదు, వదినగారి గురించి. మేకలు మళ్ళీ ఈనబోతున్నాయి. ఈసారి కూడా నక్క పిల్లల్ని ఎత్తుకుపోతే మొత్తం అమ్మేసి మాసన్ లేక్స్‌లో ఫ్లాటుకి వచ్చేద్దామని వదినగారు తేల్చేశారట.

"ఫ్లాట్‌లో నేనేం చెయ్యాలి చెల్లెమ్మా? లిఫ్టుకి మత్తివ్వాలా?"

ఆ గొంతులో నవ్వు ఉంది గానీ, ఉండాల్సినంత లేదు. వస్తానన్నాను. గ్రేహమ్‌ని అడిగితే, వెళ్ళు, కానీ శనివారం వెళ్ళు, నీ పెట్రోలుతో వెళ్ళు అన్నాడు. మా ఆయన కూడా బయల్దేరాడు. తుపాకి కోసం కాదు, వదినగారి మటన్ కూర కోసం.

గట్టు మీద

షెడ్డు వెనక చదును నేల మీద నిలబెట్టి, ఉత్తుత్తి తూటాలతో డాక్టరుగారి చేత లీవర్ తోయించాను. చక్కగా వచ్చాయి. ఇదేదో పరాయి మనుషుల ముందు బుద్ధిగా ఉండే పిల్లాడిలా ఉందే అనుకున్నాను. అయినా నోరు ఊరుకోదు కదా.

"అన్నయ్యగారూ, ఇది మత్తుసూది కాదు. మెల్లగా తోస్తే కుదరదు. చివర టక్‌మని వినపడాలి."

"వినపడుతోందమ్మా. నువ్వున్నప్పుడూ వినపడుతోంది, నక్క ఉన్నప్పుడూ వినపడుతోంది. నక్క ఉన్నప్పుడు మాత్రం తూటా రావట్లేదు."

ఆ మాట నాకు పట్టేసింది. యంత్రానికి నక్క ఉన్నదీ లేనిదీ తెలియదు. అంటే నక్క ఉన్నప్పుడు ఇంకేదో మారుతోంది. మీరు నక్క కోసం ఎక్కడ కూర్చుంటారని అడిగాను. ఈ మాట గోదాములో ఎవరమూ అడగలేదు. ఎంతసేపూ ఎలా తోస్తారనే అడిగాం.

ఆయన నన్ను షెడ్డు పక్కనున్న గట్టు ఎక్కించారు. పైన ఒక పాత ప్లాస్టిక్ కుర్చీ, దానికి కట్టిన గొడుగు. ఎదురుగా లోయలోకి జారిపోయే ఏటవాలు. అడుగున మేకల దొడ్డి, దాని వెనక నక్క వచ్చే వాగు. ఆ పూట మేకల్ని అవతలికి తోలేశారు. డాక్టరుగారు కుర్చీలో కూర్చుని ఉత్తుత్తి తూటాలు రెండు గొట్టంలోకి దూర్చి, మూతి దొడ్డి వైపు వంచారు.

"రెండేనా?"

"నా డోసు ఎప్పుడూ అంతే."

లీవర్ తోసి లాగారు. మొదటిది లోపలికి వెళ్ళింది. మళ్ళీ తోసి లాగారు. మొదటిది బయటికి ఎగిరింది. రెండోది రాలేదు. నేను తీసుకుని నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాను. రాలేదు. చూద్దామని మూతి ఆకాశం వైపు ఎత్తాను. గొట్టంలో లొడుక్కుమంది, కొబ్బరికాయ చెవి దగ్గర ఆడించినప్పుడు నీళ్ళు కదిలినట్టు. లీవర్ తోస్తే ఈసారి బంగారంలా వచ్చింది.

ఇంకేముంది. మూతి కిందికి వంచితే తూటాలు ముందుకి జారిపోతాయి. వాటిని ఎత్తు మీదికి వెనక్కి నెట్టాల్సింది స్ప్రింగు. గొట్టం నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగు బాగా అణిగి ఉంటుంది కాబట్టి బలంగా నెడుతుంది. ఒకటో రెండో మిగిలేసరికి సాగిపోయి ఆయాసపడుతుంది. ఈ స్ప్రింగు పుట్టుకతోనే పొట్టిది. మేమేమో ప్రతిసారీ కడుపు నిండా పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, ఆరోగ్యం బాగుంది అని రాసి పంపాం.

గట్టు కింద నుంచి వదినగారు గట్టిగా అడిగారు, తప్పు ఈయనదేనా అని. గొంతులో కొంచెం ఆశ కూడా వినపడింది. కాదొదినా, ఈయన పెళ్ళాం మాట వినే మనిషే, తుపాకే వినట్లేదు అన్నాను. మా ఆయన అప్పటికే విస్తరి ముందు కూర్చున్నాడు.

గ్రేహమ్ మళ్ళీ

సోమవారం నేను గోదాముకి వెళ్ళేసరికి అదే రకం రైఫిళ్ళ పెట్టెలు ట్రక్కు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. సంతకం పెట్టనన్నాను. కొట్లవాళ్ళు ఎదురుచూస్తున్నారని గ్రేహమ్ మొదటి మంత్రం చదివాడు. నేను కొండ, దొడ్డి, కుర్చీ, గొడుగు అన్నీ చెప్పాను.

"కొండ మీంచి కిందికి ఎవరు కాలుస్తారు షాజ్?"

"కొండలున్నవాళ్ళు. నక్కని మన బెంచి దగ్గరికి రమ్మని ఒప్పించు, సంతకం పెడతాను."

గోదాములో నవ్వినవాళ్ళు నవ్వారు. గ్రేహమ్ ఎర్రబడ్డాడు. మూతి కిందికి దించి, రెండే తూటాలతో నువ్వే తోసి చూడు అని ఒక పెట్టె విప్పి ఆయన చేతిలో పెట్టాను. తోశాడు. వచ్చింది. ఆయన ముఖం వెలిగింది. ఇంకో పెట్టె విప్పాడు. రాలేదు. ఇంకోటి, రాలేదు. ఇంకోటి వచ్చింది. అన్నీ చెడ్డవైతే పట్టుకోవడం తేలిక, కొన్ని మంచివి కలిసి ఉండటమే అసలు ప్రమాదం. కుళ్ళిన టమాటాలు బుట్ట అడుగున పెట్టి అమ్మేవాడికి ఈ రహస్యం ఏనాడో తెలుసు. కాసేపటికి గ్రేహమ్ పెట్టెల మీద కూలబడి ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయను. తర్వాత లేచి వెళ్ళి, ట్రక్కువాణ్ణి తనే వెనక్కి పంపించాడు.

అందుకే ఆయన్ని మంచివాడే అన్నాను. తప్పు మంత్రం చదివే బాసులు అందరికీ దొరుకుతారు. కుర్చీలోంచి లేచి, తన చేత్తో తోసి చూసే బాసు దొరికితే వదులుకోకండి. వాళ్ళతో ఎంత పోట్లాడినా నష్టం లేదు.

తయారీవాళ్ళకి రాస్తే కొంచెం గొణిగి, పొడుగు స్ప్రింగులు పంపారు. మొదటిది డాక్టరుగారి రైఫిల్‌కి నేనే బిగించాను. అప్పట్నుంచి మా బెంచి మీది ఊయల ముందుకి వంగేలా మార్చాం. కొనేవాళ్ళకి నేను చెప్పేదీ అదే. కొట్టువాణ్ణి అడిగి ఉత్తుత్తి తూటాలు వేయించండి, నిండుగా ఒకసారి, రెండే వేసి ఒకసారి. భద్రమైన వైపుకి మూతి దించి తోసి చూడండి, ఎత్తి చూడండి. కుదరదు అన్నాడా, ఇంకో కొట్టుకి పదండి. బోర్డు చూసి భయపడితే ముదురు బెండకాయలే మిగులుతాయి. మీరు నా ఉద్యోగంలోకి వస్తున్నవాళ్ళయితే మాత్రం, వస్తువుని మీకు వీలైన చోట పరీక్ష చెయ్యకండి. కొన్నవాడి కుర్చీ ఎక్కడ వేసి ఉందో వెళ్ళి చూడండి.

రెండో తూటా

మేకలు ఈనిన కొన్నాళ్ళకి ఒక పొద్దున్నే డాక్టరుగారి ఫోను. మనిషి రొప్పుతున్నారు. తెల్లారేసరికి నక్క వచ్చిందట, పుట్టి రెండు రోజులు కూడా కాని పిల్లని నోట కరుచుకుందట. పిల్లకి తగులుతుందేమోనని ఈయన చాలా పక్కకి కాల్చారట. నక్క పాత అలవాటు ప్రకారం ఆగి, ఈయన వైపు చూసిందట. ఇక టిక్కుమంటుంది, వెళ్ళిపోవచ్చు అనుకుని ఉంటుంది.

"లీవర్ తోశానమ్మా. వచ్చింది. దాని వెనక బురదలో ఢామ్మంది. పిల్లని అక్కడే పడేసి వాగు దాటి పరిగెత్తింది చూడు, ఇక ఈ జన్మలో రాదు."

"అయితే రెండూ గురి తప్పాయన్నమాట."

"రెండూ తప్పాయి," ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. "తుపాకి తప్పేం లేదు చెల్లెమ్మా. ఇప్పుడు తప్పంతా నాదే."

ఆ తర్వాత ఆ ఏడు నక్క రాలేదు. ఫ్లాటు మాట వదినగారు మళ్ళీ ఎత్తలేదు. కొన్ని వారాలకి మటన్ కూర మిషతో మా ఆయన నన్ను మళ్ళీ అక్కడికి లాక్కెళ్ళాడు. నక్క నోట్లోంచి బయటపడ్డ పిల్ల, మెడ మీద మానిన గాట్లతో దొడ్డంతా గెంతుతోంది. మిగతా మేకలన్నీ కలిసి అరిచేదానికంటే అదొక్కటే ఎక్కువ అరుస్తోంది. దానికి శారద అని పేరు పెట్టామని డాక్టరుగారు కొంచెం నసుగుతూ చెప్పారు. అరుపు చూసి పెట్టారా అని నిలదీశాను.

"అరుపు చూసి కాదులే," అన్నారు వదినగారు చేతిలో గడ్డి దానికి చూపిస్తూ. "ఏది పెట్టినా తిన్నగా తినదు. ముందు కొన కొరికి చూస్తుంది, నచ్చకపోతే మన మొహానే ఉమ్మేస్తుంది. ఇంకేం పేరు పెట్టమంటావు?"